పిల్లినీళ్ళ దగ్గర

ఎండ ఇంకా బండ మీదే ఉంది. చూడకూడదు, చూడకూడదు అనుకుంటూనే ఫ్లోరిందా మళ్ళీ చూసింది. పొద్దున మొదలుపెట్టిన చూపు. పొద్దున ఏంటిలే, పదకొండు రోజుల కిందట మొదలుపెట్టిన చూపు. ఊటకి అవతల నిటారుగా నిలబడ్డ పెద్దబండకి పైభాగంలో చిన్న అరుగులాంటిది ఉంది. సాయంత్రపు నీడ కిందనుంచి పాక్కుంటూ ఎక్కి ఆ అరుగును ముట్టుకుందంటే ఆ రోజుకి ఇక కెమెరా మూసుకోవడమే. నీడ ఇప్పుడు బండ మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంకో గంట ఉంటుంది. గంట అని మనం అనుకోవడమే గాని ఆగస్టు ఎండ మాట మీద నిలబడే రకం కాదు, ఉన్నట్టుండి జారిపోతుంది. రేపు తెల్లారగానే ఊరి లారీ పట్నం వెళ్తుంది, దాంట్లో ఫోటో వెళ్ళాలి, ఎల్లుండితో అక్కడి సర్కారు ఆఫీసువాళ్ళు ఇచ్చిన గడువు అయిపోతుంది. బతికున్న తితి, అంతరించిపోతున్న ఆ కొండపిల్లి, ఈ నీళ్ళ దగ్గర, వెనక ఈ బండ కనబడేలా, ఒక్క ఫోటో. ఉంటే చట్టం ప్రకారం కంపెనీ ఇక్కడ బోర్లు దించడానికి వీల్లేదు. లేకపోతే దించుతారు, ఊట ఎండుతుంది, ఊట కింది పచ్చిక ఎండుతుంది, పచ్చిక మీద బతికే లామాలూ లామాల మీద బతికే పద్నాలుగు ఇళ్ళూ కొండ దిగిపోవాలి. ఇందులో అర్థం కాని ముక్క ఒక్కటి లేదు, అదే ఆమెకి ఒళ్ళుమంట.

రాళ్ళు పేర్చి కట్టుకున్న నడుమెత్తు గూట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. కాళ్ళు తిమ్మిరెక్కి, తిమ్మిరి కూడా విసుగొచ్చి పోయింది. చెంపలో కోకా ఆకుల ముద్ద ఎప్పుడో చప్పబడింది, అయినా ఉమ్మలేదు, ఉమ్మితే వాసన. తెల్లారకముందే వచ్చి కూర్చోవాలి, జంతువులన్నీ వెళ్ళాకే లేవాలి. గాలి వాటి వైపు నుంచి నీ వైపు రావాలి. సబ్బు పనికిరాదు. పదకొండు రోజులుగా తల దువ్వుకోలేదు కూడా, ఎవరైనా చూస్తే తననే అడవి జంతువనుకుని ఫోటో తీస్తారు. ఎర పెట్టకూడదు. రాయి విసిరి లేపకూడదు. పిల్లలున్న బొరియ జోలికి పోకూడదు. కూర్చోబోయే ముందు నేలతల్లికి మూడు కోకా ఆకులు పెట్టి, అమ్మా నీ పిల్లల్ని చూసుకుని పోతాను, ఏమీ పట్టుకుపోను, అని చెప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, జంతువు నీ కళ్ళలోకి చూస్తే నువ్వు చూపు దించుకోవాలి. ఇవి ఆమెకి ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని, ఒకే ఒక్క తప్పు వల్ల నేర్చుకున్నది మిగతాదంతా. బండ పగుళ్ళలో విస్కాచాలు ఎండ కాచుకుంటున్నాయి, కుందేలు ఒళ్ళూ ఉడత తోకా, కళ్ళు సగం మూసుకుని, పింఛను తీసుకునే ముసలాళ్ళ మాదిరి. మొదటి మూడు రోజులూ ఆమె దగ్గితే చాలు ఈల వేసి మాయమయ్యేవి. నాలుగో రోజు నుంచి, ఎవరో పిచ్చిది, రాళ్ళలో కాపరం పెట్టింది, పోనీలే అని వదిలేశాయి. తితి తినేది వీటినే. ఇవి ఇంత నిశ్చింతగా ఉన్నాయంటే అది దగ్గర్లో లేదని. ఆ సంగతి ఆమెకి తెలుసు, వాటికి తెలుసు, తెలియనట్టు నటిస్తున్నది ఆమె ఒక్కతే.

ఈ ఊటని తాతల నాటి నుంచీ తితి ఊమ అనే అంటారు, పిల్లినీళ్ళు అని. ఆఫీసులో ఆ మాటే చెప్పింది. గాజు బల్ల వెనకాల అధికారి, చెడ్డవాడేం కాదు, కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించాడు, పేరు సాక్ష్యం కాదమ్మా అన్నాడు, మా పట్నంలో పూమా వీధి ఉంది, అక్కడ పూమాలు తిరుగుతున్నాయా? మూడేళ్ళ కిందట తీసిన తోక ఫోటో చూపించింది, ఒళ్ళంత పొడుగు తోక, లావుగా, నల్లటి కట్లతో, రాయి వెనకాలకి వెళ్ళిపోతూ. తోక వేరే పిల్లిది కూడా అయ్యుండొచ్చన్నాడు. పెంటిక చూపించింది, కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది, అతను కాఫీ కప్పు పక్కకి జరుపుకున్నాడు. వాటంతటవే ఫోటో తీసే పెట్టెలు రెండు బిగించిన మాట నిజమే, ఒకదాన్ని గాడిద పడేసింది, రెండోదాన్ని ఎవరో పీక్కుపోయారు. చివరికి అతనే గొంతు తగ్గించి చెప్పాడు, ముఖం కావాలి, ఒళ్ళంతా కావాలి, ఒక్క అంచు కూడా కత్తిరించకూడదు, కెమెరాలో కార్డు తీసింది తీసినట్టు నా చేతిలో పెట్టాలి. "కంపెనీ లాయర్లు ఎలాంటివాళ్ళో మీకు తెలీదు దోన్యా ఫ్లోరిందా. ఒక్కచోట అనుమానం దొరికితే చాలు, మొత్తం దొంగదంటారు." ఆ మాట ఆమెకి అప్పుడు మర్యాదగానే వినిపించింది. ఇప్పుడు తల్చుకుంటే పక్కనున్న మూటని చూసి అన్నట్టుంది.

మూట పక్కనే ఉంది. చారల దుప్పటిలో చుట్టి, లామా ఉన్నితాడుతో మూడు చుట్లు కట్టి, పసిబిడ్డంత బరువుతో. తమ్ముడు తోరిబియో పొద్దున చీకట్లో దాన్ని ఆమె ఒళ్ళో పెట్టినప్పుడు ఆమె వద్దనలేదు. దాన్ని ఇంట్లో ముసలమ్మ అంటారు. ఏడాదంతా పెట్టెలో పడుకుంటుంది, ఫిబ్రవరిలో లామాల చెవులకి రంగు ఉన్ని కుచ్చులు కుట్టే పండగ రోజు ఒక్కసారి బయటికి వస్తుంది. ఆ రోజు బల్ల మీద మధ్యలో దాని చోటు, ముందు కోకా ఆకులు, సారా, పొగ. ఇంటి పెద్ద టోపీ తీసి, ముసలమ్మా మందని పెంచు అని అడగాలి, తరవాతే లామాలకి కుట్టాలి. కొండ మీద మంద ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక ముసలమ్మ ఉంటుంది. గడ్డి కూరిన తితి. కళ్ళు తీసి గాజు పూసలు పెట్టిన తితి, చెవులకి ఎర్రటి కుచ్చులు, మెళ్ళో చిన్న సంచి. పండగ రోజు తప్ప వెలుగు చూపించకూడదు, చూపిస్తే మందకి అరిష్టం. అరిష్టం అట, తొంభై ఉన్న మంద ముప్పై ఒకటికి వచ్చాక ఇంకా అరిష్టం ఎక్కడినుంచి రావాలి?

తోరిబియో నిన్న సాయంత్రం గిన్నెలో క్వినోవా జావ ముందు పెట్టుకుని, తాగకుండా, దాన్ని తిప్పుతూ చెప్పాడు. "అక్కా, ముసలమ్మని తీసుకుపో. బండ మీద కూర్చోబెట్టు, దూరం నుంచి కొట్టు ఫోటో. పిల్లిని చూపించమన్నారు, చూపిద్దాం." ఆమె అది చచ్చిందిరా అంది. "నలభై ఏళ్ళ నుంచి చచ్చే ఉంది, ఐనా మనకి పని చేస్తూనే ఉందిగా. ఆఫీసులో వాడికేం తెలుస్తుంది?" నాకు తెలుసు కదరా. "నీకు తెలిస్తే ఏమైంది? నీ సిగ్గు తాగి బతుకుతాయా లామాలు?" అన్నాడు, తరవాత తనే నొచ్చుకుని జావ గిన్నె ఆమె వైపు తోశాడు. తోరిబియో దుర్మార్గుడు కాదు. గత నెల ఈనిన లామా లేవలేక పడిపోతే రెండు రోజులు దాని పక్కనే పడుకున్నాడు, చచ్చాక కూడా లేవలేదు, ఆమే వెళ్ళి లాక్కొచ్చింది. వాడికి తితి ఒక్కటే, చచ్చినా బతికినా. ఆమెకి మాత్రం ఆ రెండింటి మధ్య ఏముందో తెలుసు. ఆమె చేతుల మీదుగా పోయింది అది.

నీడ బండ నడుం దాకా వచ్చింది. విస్కాచాలు ఒక్కొక్కటీ పైకి జరిగి కూర్చుంటున్నాయి, ఎండతో పాటు. ఇదే బండ. ఆ అరుగే. ఎనిమిదేళ్ళ పిల్ల అప్పుడు, మంద వెనక వచ్చింది, తలెత్తితే అరుగు మీద అది కూర్చుని ఉంది, బూడిద రంగులో, రాయి మీద రాయి మాదిరి. తితికి మనిషంటే భయం లేదు, అదే దాని ఖర్మ. కొండ మీద ప్రతి బిడ్డకీ మాటలతో పాటు నేర్పే సంగతి ఇది: తితి ఎదురుపడటం అంటే నేలతల్లి మీ మందకి పంపిన వరం, వద్దని వదిలేస్తే మంద తరిగిపోతుంది, మొదట చూసినవాళ్ళు చూపు తిప్పకూడదు, నువ్వు చూస్తున్నంతసేపూ అదీ నిన్ను చూస్తూ కూర్చుంటుంది, మెల్లగా ఈల వెయ్యి, మిగతాది పెద్దవాళ్ళు చూసుకుంటారు. ఆమె ఈల వేసింది. నాన్న అనాక్లెతో బండ వెనక నుంచి చుట్టు తిరిగి ఎక్కాడు. ఎంతసేపు పట్టిందో. కళ్ళలో నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యలేదు, మంచి పిల్ల, చెప్పిన మాట వినే పిల్ల. అదీ రెప్ప వెయ్యలేదు. పసుప్పచ్చ కళ్ళు, వాటిలో కోపం లేదు, ఎవరమ్మా నువ్వు, ఇటువైపు ఎప్పుడూ చూళ్ళేదే అన్నట్టు చూసింది. దాని వెనకాల నాన్న టోపీ లేచింది, నాన్న చెయ్యి లేచింది, పెదాలు కదిలాయి, నాన్న క్షమాపణ అడుగుతున్నాడు, రాయి దించే ముందు అడగాలి. ఆమె అప్పుడైనా చూపు తిప్పి ఉంటే. ఒక్కసారి తుమ్మి ఉంటే. తితి చచ్చిపోయేదాకా ఆమెనే చూసింది.

కింద పడ్డదాన్ని మోసుకెళ్ళే గౌరవం మొదట చూసినవాళ్ళదే. పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తుకుంది, ఇంకా వెచ్చగా ఉంది, చేతికి తడి తగిలింది. నెత్తురు అనుకుంది. చూస్తే తెల్లగా ఉంది. పాలు. ఎక్కడో రాళ్ళ సందున పిల్లలు ఉన్నాయన్నమాట. నాన్నకి చెప్పలేదు. నాన్న ఎంతో సంతోషంగా ఉన్నాడు, తల మీద చెయ్యి వేసి, నీ చూపు మంచి చూపు తల్లీ, అన్నాడు, ఆ మాట నాన్న ఆమెతో అన్న మెత్తటి మాటల్లో మొదటిది, ఇంచుమించు చివరిది. చెయ్యి లంగాకి తుడుచుకుంది. తరవాత రెండు రోజులు బండ దగ్గరికి వచ్చి చెవి ఒగ్గి కూర్చుంది, పిల్లల అరుపు వినిపిస్తుందేమోనని, వినిపిస్తే ఏం చేసేదో తెలియదు. వినిపించలేదు. ఆ ఏడు మందలో నలభై పిల్లలు పుట్టాయి. చూశావా, అన్నాడు నాన్న. ఆ నలభై పిల్లల్లో ఒక్కదాన్ని కూడా ఆమె ముద్దు చెయ్యలేదు.

పదిహేడేళ్ళకి కొండ దిగి సముద్రం ఒడ్డున ఇకికే వెళ్ళిపోయింది, ఇళ్ళలో పాచిపని, చేపల ఫ్యాక్టరీ, ఆఖరికి దోన్ ఉర్బానో స్టూడియోలో నేల తుడిచే పని. ఎనభై దగ్గరపడ్డ ముసలాడు, వేళ్ళన్నీ మందుల మరకలు, నోరు మంచిది కాదు. నేల తుడిచేదానివి కళ్ళెందుకు నేలకేసి పెట్టుకున్నావు, ఇటు రా, దీంట్లోంచి చూడు అని కెమెరా ముందుకు తోసింది ఆయనే. చూసింది. అవతల మనిషి ఉన్నాడు, ఆమె చూస్తోంది, ఆ మనిషికేమీ కాలేదు. బటన్ నొక్కింది, టక్కుమంది, మనిషి లేచి టోపీ పెట్టుకుని డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు, నడుచుకుంటూ. ఆ రాత్రి ఎందుకంత ఏడ్చిందో గది పంచుకునే పిల్లకి అర్థం కాలేదు. చూపుతో చంపకుండా ఉండొచ్చని ఒకరికి పాతికేళ్ళకి తెలిసిందంటే ఎవరికి అర్థమవుతుంది? ఆ ముసలాడే ఒకసారి పాత పెట్టె తీసి చూపించాడు, కుర్రతనంలో ఎడారిలో సురేకారం గనుల ఊళ్ళు తిరిగి తీసిన ఫోటోలు. పసిపిల్లలు పోతే తెల్లబట్టలు తొడిగి, అమ్మానాన్నల మధ్య కూర్చోబెట్టి, ఆఖరి ఫోటో తీయించుకునేవాళ్ళట. ఒకటి ఆమె చేతికిచ్చి, వీళ్ళలో పోయిందెవరో చెప్పు, అన్నాడు. అమ్మ, నాన్న, మధ్యలో పాప. పాప బుగ్గలు ఎర్రగా, కళ్ళు మెరుస్తూ. ఫ్లోరిందా తల్లిని చూపించింది. దోన్ ఉర్బానో నవ్వలేదు. "అందరూ ఆమెనే చూపిస్తారు" అన్నాడు. పాప బుగ్గలకి రంగు తనే వేశాడట, రెప్పల మీద కళ్ళు కూడా తనే గీశాడట. పోయినవాళ్ళు చెప్పినట్టు కూర్చుంటారమ్మాయ్, బతికున్నవాళ్ళతోనే చావు.

గాలి పడిపోయింది. పడిపోయినప్పుడు ఊట చప్పుడు వినిపిస్తుంది, మామూలుగా ఐతే. ఇప్పుడు చెవి పెట్టి వింటే గాని లేదు. పోయిన ఏడాది కంపెనీ వాళ్ళు పరీక్ష కోసమని కింద లోయలో రెండు బోర్లు వేశారు, పరీక్షకే ఇంత తగ్గింది. పచ్చిక అంచులు తెల్లబడి ఉప్పు తేలుతోంది. నాన్న పోయాక పన్నెండేళ్ళ కిందట తిరిగొచ్చినప్పుడు ఈ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి నిలబడింది. తిరిగొచ్చింది మంద కోసం అనుకున్నారు ఊళ్ళో. మెళ్ళో కెమెరా చూసి, ఫ్లోరిందా గుళ్ళో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తుందేమో అనుకున్నారు. నక్కని తీసింది, లామాలకి అడవి చుట్టాలైన వికూన్యాలని తీసింది, గూట్లో పొదుగుతున్న బాతుని తియ్యకుండా వచ్చేసింది. తితి కోసమే వచ్చానని ఎవరికీ చెప్పలేదు. దాన్ని ఒక్కసారి చూడాలి, చూసి, చూపు దించుకోవాలి. అంతకుమించి ఏమీ అడగలేదు కొండదేవరని. ఫోటో కూడా అడగలేదు. ఇప్పుడు ఈ ఆఫీసులు వచ్చి ఫోటో అడగమన్నాయి.

నీడ బండ మెడ దాకా వచ్చింది. విస్కాచాలు ఎప్పుడు పోయాయో పోయాయి, ఒక్కటీ లేదు. చలికి పోయాయనుకుంది. ఇంకా అరుగు ఒక్కటే వెలుగులో ఉంది, ఎర్రగా, ఖాళీగా, ఎవరికో పీట వేసినట్టు. పావుగంట. పద్నాలుగు ఇళ్ళు. ముప్పై ఒక్క లామాలు, అందులో ఏడు చూలువి. తోరిబియోకి కొండ దిగితే చేతనయ్యే పని ఏమీ లేదు, పట్నంలో బస్సు స్టాండు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడతాడు. నేను పదకొండు రోజులు మర్యాదగా కూర్చున్నాను, నువ్వు రాలేదు, అనుకుంది కోపంగా. ఎవరి మీద కోపమో తెలియలేదు. మూట ముడి విప్పుతున్నవి తన చేతులే. దుప్పటి మడతల్లోంచి పాత పొగ వాసన, సారా వాసన, ఎండుగడ్డి వాసన వచ్చాయి. ముసలమ్మ గాజు కళ్ళు ఆకాశంకేసి చూశాయి. నలభై మూడేళ్ళలో దాన్ని పగటి వెలుగులో ఇంత దగ్గరగా చూడలేదు. నాన్న పని బాగా చేశాడు. వెన్ను వంపు, మెడ నిక్కు, అన్నీ ఉన్నాయి, బొచ్చుకి ఏటేటా కొవ్వు రాసి దువ్వుతారు కాబట్టి ఇంకా నిగనిగలాడుతోంది. పొట్ట మీద పొడుగ్గా కుట్టు. క్షమించు ముసలమ్మా, అంది, నాన్న అన్న మాటే, అదే గొంతుతో. చెవుల కుచ్చులు పళ్ళతో కొరికి తెంపింది, మెళ్ళో సంచి తీసి జేబులో వేసుకుంది. లేచి నిలబడింది, పదకొండు రోజుల్లో మొదటిసారి జంతువులు వెళ్ళాయో లేదో చూసుకోకుండా.

నలభై అడుగులు. దాన్ని చంకలో పెట్టుకుని ఒక చేత్తో బండ ఎక్కింది. అరుగు మీద కూర్చోబెట్టి, తోక ముందుకి చుట్టింది కట్లు కనబడేలా, తల కొంచెం నీళ్ళకేసి తిప్పింది, చేతికి అలవాటైన పనే, వందలమంది పెళ్ళికూతుళ్ళ గడ్డాలు తిప్పిన చెయ్యి. తిరిగొచ్చి గూట్లో పడింది. ఊపిరి అందలేదు. కెమెరాలోంచి చూసింది. తితి కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు చూసిందే, అక్కడే, అలాగే, ఎండ ఒంటి నిండా పడి, కళ్ళు మెరుస్తూ. ఎవరమ్మా నువ్వు అన్నట్టు. వేలు బటన్ మీద ఉంది. నొక్కితే అయిపోతుంది, ఇంటికి పోయి వేడి జావ తాగొచ్చు, తోరిబియో ఒక్కసారైనా నవ్వుతాడు. నొక్కు. అధికారికి తెలియదు, లాయర్లకి తెలియదు. నొక్కు ఫ్లోరిందా, చెప్పిన మాట వినే పిల్లవి కదా.

అరుగు వెనక రాయి కదిలింది. రాయి కాదు. విస్కాచాలు ఎందుకు పోయాయో ఇప్పుడు తెలిసింది, చలికి కాదు. బూడిదరంగుది ఒకటి బండ వెనక నుంచి, అడుగు చప్పుడు లేకుండా, నాన్న ఎక్కిన దారినే ఎక్కి వచ్చి అరుగు చివర ఆగింది. బక్కగా ఉంది. ఎంత బక్కగా అంటే డొక్కల్లో నీడలు పడుతున్నాయి. బొచ్చు అక్కడక్కడా ఊడి, ఒక చెవి చిరిగి, తోక మాత్రం ఒళ్ళంత పొడుగు, కట్లు కట్లుగా. పన్నెండేళ్ళు. ఫ్లోరిందా ఏడుస్తోందని ఆమెకి తెలియలేదు, కెమెరా అద్దం మసకబారిందనుకుని తుడిచింది. అది ముసలమ్మని చూస్తోంది. తల వంచి, మెడ చాచి, ముక్కు ఆడిస్తూ, ఒక్కొక్క అడుగే వేసి దగ్గరికి వచ్చింది.

ఇటు రా తల్లీ. ఒక్క రెండడుగులు ఇటు. కెమెరా కొంచెం పక్కకి తిప్పితే చాలు, ముసలమ్మ అవతలికి పోతుంది, నువ్వొక్కదానివే ఉంటావు, బండ ఉంటుంది, నీళ్ళు ఉంటాయి, నువ్వు బతికున్నావు, అందరం బతుకుతాం. అది రాలేదు. ముసలమ్మ ముఖం వాసన చూసింది. భుజం వాసన చూసింది. తరవాత ముందుకి వంగి, తల కిందికి దూర్చి, పొట్ట దగ్గర ముక్కు పెట్టి ఆగిపోయింది. అక్కడే ఉండిపోయింది. నలభై మూడేళ్ళకి ఏ వాసన మిగులుతుంది? గడ్డి వాసన, కొవ్వు వాసన, సారా వాసన. ఇది ఆ పిల్లల పిల్లో, వాటి పిల్లల పిల్లో, అసలు ఎక్కడినుంచో వచ్చిన పరాయిదో, ఎవరు చెప్పగలరు? కొవ్వు కోసం నాకుతోంది, ఆకలిది, అంతే, అనుకుంది ఫ్లోరిందా, అనుకుని నమ్మలేకపోయింది. నీడ అరుగు అంచుని ముట్టుకుంది. ముందు తోకల మీదికి ఎక్కింది, తరవాత పాదాల మీదికి. ఒక్కడుగు. చప్పుడు చేస్తే తల ఎత్తుతుంది, తల ఎత్తితే పారిపోతుంది. చిన్నరాయి విసిరితే పక్కకి దూకుతుంది. రాయి చేతికి అందుబాటులోనే ఉంది, గూడు నిండా రాళ్ళే. ఈ అరుగు మీద కూర్చున్న తితి మీద రాయి. లేదు. అది నా వల్ల కాదు, పద్నాలుగు ఇళ్ళు కూలినా నా వల్ల కాదు. పోనీ ఇంకొక్క క్షణం. వెలుగు నడుముల మీదికి జారింది, మెడల మీదికి జారింది, ముసలమ్మ గాజు కళ్ళలో ఆఖరి ఎండ నిప్పుకణికలా నిలిచింది. ఫ్లోరిందా బటన్ నొక్కింది.

టక్కుమన్న చప్పుడుకి అది తలెత్తింది. నలభై అడుగుల అవతల నుంచి సూటిగా ఆమె కళ్ళలోకి చూసింది, పసుప్పచ్చగా, కోపం లేకుండా. ఫ్లోరిందా చూపు దించుకుంది. పన్నెండేళ్ళుగా అడిగినది ఇదే, కొండదేవర ఇచ్చాడు, కాదనడానికి లేదు. మళ్ళీ తలెత్తేసరికి అరుగు మీద ముసలమ్మ ఒక్కతే చీకట్లో కూర్చుని ఉంది.

తోరిబియో కిందనుంచి వచ్చేసరికి ఆమె గూడు గోడ మీద కూర్చుని ఉంది. వాడు చెయ్యి చాచాడు, ఆమె కెమెరా ఇచ్చింది. టోపీ కింద చిన్న తెర వెలుగు వాడి ముఖం మీద పడింది. చాలాసేపు చూశాడు. ముఖం విప్పారింది, తరవాత ముడుచుకుంది.

"మన ముసలమ్మ ఎంత బాగా వచ్చిందక్కా. బతికున్నట్టే ఉంది, ఆ కళ్ళు చూడు." బొటనవేలితో తెర తుడిచాడు. "మరి ఈ రెండోదాన్ని ఎందుకు పెట్టావ్? ఎవరింటిది, మోస్కోసో వాళ్ళదా? బొచ్చంతా పోయింది, తల వేలాడిపోతోంది, గడ్డి కూడా సరిగ్గా కూరలేదు. అంతా బాగుండేది, దీన్ని చూస్తే ఇట్టే కనిపెట్టేస్తారు."

ఫ్లోరిందా అరుగుకేసి చూసింది. చెప్తే నమ్ముతాడు, తమ్ముడు కాబట్టి నమ్ముతాడు, నమ్మి ఆ నమ్మకాన్ని ఏ లారీలో ఎక్కించి పంపుతాడు? ఇంకొకటి తియ్యి అక్కా, ఇది తీసేసి, అన్నాడు. ఎండ లేదురా అంది. వాడు కొండకేసి చూశాడు, నిజమే, ఎండ లేదు. కెమెరా తిరిగి ఆమె మెళ్ళో వేసి, మూట దుప్పటి దులిపి భుజాన వేసుకుని కింద నిలబడ్డాడు. ముసలమ్మని దించాల్సింది మొదట చూసినవాళ్ళే. ఆమె బండ ఎక్కింది. చీకట్లో తడుముకుని, పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తుకుంది. కుట్టు పొడుగునా తడిగా ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. ఈసారి ఆమె చెయ్యి తుడుచుకోలేదు.